క్యూఆర్ స్టిక్కర్ పీకేస్తే పన్ను పోతుందా?

నెల్లూరు వ్యాపారుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. అందులో ఉన్నది ఇదీ: రెండు వేలు దాటిన యూపీఐ చెల్లింపుకు 18 శాతం జీఎస్టీ పడుతుంది, పైగా 1.1 శాతం కోత ఉంటుంది, ఏడాదిలో 40 లక్షలు ఫోన్‌లో పడితే నోటీసు వస్తుంది, కాబట్టి స్టిక్కర్ పీకేసి నగదే తీసుకోండి. "ఎందుకన్నా ఈ టెన్షన్, పీకేద్దాం" అంటున్నవాళ్లు స్టోన్‌హౌస్‌పేటలోనూ ఉన్నారు.

18 శాతం మాట శుద్ధ అబద్ధం. కార్డు గీకినప్పుడు వ్యాపారి దగ్గర పట్టుకునే ఎండీఆర్ అనే రుసుము మీద జీఎస్టీ ఉంటుంది. ఖాతా నుంచి ఖాతాకి వెళ్లే యూపీఐకి ఆ రుసుమునే 2020 జనవరి నుంచి తీసేశారు. రుసుమే లేకపోతే దాని మీద పన్నెక్కడిది? 2025 ఏప్రిల్‌లో ఆర్థిక శాఖ కూడా ఇదే చెప్పింది.

1.1 శాతానికి మాత్రం ఒక మూలం ఉంది. వాలెట్‌లో ముందే వేసుకున్న డబ్బుతో రెండు వేలకు పైగా చెల్లిస్తే చెల్లింపుల సంస్థలు తమలో తాము పంచుకునే ఫీజు అది, 2023లో వచ్చింది. కొనేవాడి జేబులోంచి పోయేది కాదు. మన కొట్టువాళ్లకు నిజంగా తగిలేది "పది రూపాయలు అందాయి" అని అరిచే ఆ పెట్టె నెల అద్దె. దాని గురించి మెసేజ్‌లో ఒక్క ముక్క లేదు!

ఇక 40 లక్షలు. సగం నిజం కాబట్టి ఎక్కువ భయపెట్టేది ఇదే. 2025లో కర్ణాటకలో యూపీఐ లెక్కలు చూసి చిన్న వ్యాపారులకు నోటీసులు పంపిన మాట వాస్తవం. కానీ జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసే ఆ పరిమితి ఫోన్‌లో పడ్డ డబ్బుకు కాదు, మొత్తం అమ్మకాలకు. గల్లాపెట్టెలో పడ్డ నోట్లూ అందులో కలుస్తాయి. మన రాష్ట్రంలో సరుకు అమ్మేవాళ్లకు 40 లక్షలు, సేవలకు 20 లక్షలు. పొదలకూరులో పచ్చి నిమ్మకాయలు మాత్రమే అమ్మే వ్యాపారికి ఎంత టర్నోవర్ వచ్చినా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, వాటికి జీఎస్టీయే లేదు గనక. కిరాణా కొట్టు గీత దాటితే, కోటిన్నర లోపు అమ్మకాలుంటే చిన్న వ్యాపారుల కోసం పెట్టిన కాంపొజిషన్ పథకంలో అమ్మకాల మీద ఒక శాతం పన్నుతో సరిపోతుంది. చిక్కల్లా బావమరిది తిరిగిచ్చిన అప్పు, చీటీ డబ్బులు, కొట్టు వసూళ్లు అన్నీ ఒకే ఖాతాలో పడటంతోనే. ఏది అమ్మకమో చూసేవాడికి ఎలా తెలుస్తుంది?

నగదైతే పన్ను తక్కువన్నది తలకిందుల మాట. పుస్తకాలు రాయని చిన్న వ్యాపారి అమ్మకాల్లో ఇంత శాతం లాభమని అంచనాగా చూపే పద్ధతిలో ఆదాయపన్ను లెక్క చూపిస్తే, నగదు అమ్మకాల్లో కనీసం 8 శాతం లాభంగా చూపాలి. బ్యాంకు ద్వారా వచ్చినదానికి 6 శాతం చాలు.

అసలు భయపడాల్సింది మెసేజ్‌లో లేనే లేదు. ఎవరినో మోసం చేసి కొట్టేసిన డబ్బుతో ఒకడు మీ దగ్గర సరుకు కొంటాడు. ఫిర్యాదు వెళ్లాక ఆ డబ్బు నడిచిన దారిలో ఉన్న ఖాతాలకూ తాళం పడొచ్చు, మీదీ అందులో ఉండొచ్చు. అందుకే కొట్టుకు విడిగా ఖాతా పెట్టుకోండి, పెద్ద బేరాలకు బిల్లు దాచండి. ఖాతా ఆగితే బ్యాంకులో ముందు అడగాల్సింది ఫిర్యాదు నంబరు, అది ఏ ఊరి పోలీసుల దగ్గర ఉందన్నదీ. ఆ రెండూ చేతిలో ఉంటే బిల్లు పట్టుకుని ఎవరికి రాయాలో తెలుస్తుంది.