143 గ్రాముల కొసరు

బిషాఫ్ గారి కథ నాకు మళ్ళీ ఎవరో పంపారు. ఈ ఏడాదికి ఇది నాలుగోసారి. ఆడవాళ్ళ మెదడు బరువు తక్కువ, వాళ్ళకు పెద్ద చదువులెందుకు అన్న ఆ జర్మన్ పెద్దమనిషి పోయాక, ఆయన మెదడును కాటా మీద పెడితే 1245 గ్రాములే తూగిందట. ఆడవాళ్ళ సగటేమో 1250 అట. కింద పగలబడి నవ్వే పసుపు మొహాలు ఆరు.

నవ్వండి, కాదనను. కాకపోతే 1880లో ఆయనే అచ్చువేసిన పుస్తకంలో 347 మంది ఆడవాళ్ళ సగటు 1219 గ్రాములు, 559 మంది మగవాళ్ళది 1362, తేడా 143. అంటే ఆడవాళ్ళ సగటుకు మన కథకులు ఇంకో 31 గ్రాములు కొసరు వేశారు. ధర్మం మనవైపే ఉంది కదా, తక్కెడ మీద కాస్త వేలు ఆనిస్తే తప్పేముంది!

థియోడోర్ బిషాఫ్ తక్కువవాడేం కాదు. హైడెల్‌బర్గ్, గీసెన్, మ్యూనిక్‌లలో ప్రొఫెసర్‌గిరీ. కుందేలు, కుక్క, గినీ పంది, జింక కడుపులో పిండం ఎలా ఎదుగుతుందో ఏళ్ళతరబడి ఓపిగ్గా చూసి రాశాడు. కుక్కల మీద ఉన్న ఆ ఓపిక ఆడవాళ్ళ దగ్గరికొచ్చేసరికి అయిపోయింది, పాపం. ఇంట్లో చెప్పేవాళ్ళు లేకా? సొంత మామగారు, ఆయనా శరీరనిర్మాణ శాస్త్రవేత్తే, టీడెమన్ 1836లోనే రాశాడు: ఆఫ్రికావాళ్ళ మెదడుకూ యూరప్‌వాళ్ళ మెదడుకూ చెప్పుకోదగ్గ తేడా లేదు, ఒంటి బరువుతో పోల్చి చూస్తే ఆడవాళ్ళ మెదడు చిన్నదేమీ కాదు అని. అల్లుడుగారు కాటా పుచ్చుకున్నారు, మామగారి మాట వదిలేశారు.

బరువే అర్హత అయితే మ్యూనిక్ వైద్యకళాశాల గుమ్మంలో ముందు నిలబడాల్సింది ఏనుగు. దాని మెదడు దాదాపు 5 కిలోలు. ప్రిన్సిపాల్ గారు లేచి నిలబడి సీటిస్తారు. మొదటి బెంచీ విరుగుతుంది, రెండోది వేస్తారు. నాడి చూడమంటే తొండం చాస్తుంది, రోగి పరారు. అయినా గోల్డ్ మెడల్ దానికే. తిమింగలం ఇంకా పెద్ద మేధావి గానీ, మ్యూనిక్‌కు సముద్రం లేక దరఖాస్తు పెట్టుకోలేదు.

సరే, సరదా అయింది. 1872లో ఆడవాళ్ళు వైద్యం చదవకూడదని బిషాఫ్ ఏకంగా ఒక పుస్తకమే వేశాడు. అప్పటికి అయిదేళ్ళ ముందే, 1867లో, రష్యా అమ్మాయి నదేజ్దా సుస్లోవా స్విట్జర్లాండ్‌లోని జ్యూరిచ్‌లో వైద్యపట్టా పుచ్చుకుంది! కళ్ళెదుట డాక్టరమ్మ నిలబడి ఉంటే, ఈయన శవాల మెదళ్ళు తూచి ఆవిడ అసాధ్యం అన్నాడు. దీన్ని సైన్స్ అనడానికి నాకు నోరు రాదు. మ్యూనిక్ ఉన్న బవేరియాలో విశ్వవిద్యాలయాలు ఆడపిల్లల్ని విద్యార్థులుగా చేర్చుకున్నది 1903లో. ఈలోపు ఎంతమంది చదువులు గుమ్మంలోనే ఆగిపోయాయో ఏ కాటా తూస్తుంది? ఆయన మెదడు రెండు కిలోలు తూగినా ఆయన అన్నది తప్పే. ఆ 1245 చూసి నవ్వుతున్నామంటే ఇంకా ఆయన కొట్లోనే, ఆయన కాటా ముందే నిలబడ్డామని.

ఫ్రాంజిస్కా టిబూర్టియస్ అనే జర్మన్ ఆవిడ కూడా జ్యూరిచ్‌లోనే వైద్యం చదివి, సొంత దేశం లైసెన్సు ఇవ్వకపోయినా, బెర్లిన్‌లో ఆడవాళ్ళకు వైద్యం చేసింది. ఆవిడ ఫొటో దొరికితే నాకు పంపండి. బరువు మాత్రం రాయకండి.