ఫ్యాక్టరీ గేటు దాటిన విమానం స్క్వాడ్రన్‌కి చేరినట్టు కాదు

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా దాదాపు 3 లక్షల విమానాలు తయారు చేసింది, ఆ సంఖ్యే యుద్ధాన్ని గెలిపించింది అని చాలామంది గట్టిగా నమ్ముతారు. 1944 మార్చిలో అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో జరిగింది చూస్తే ఆ నమ్మకం నిలవదు.

జపాన్‌పై దాడికి అమెరికా సిద్ధం చేస్తున్న దూరప్రయాణ బాంబర్లు బీ-29లు. మన ఖరగ్‌పూర్ చుట్టుపక్కల రన్‌వేలు వేస్తున్నారు, అక్కడి నుంచి హిమాలయాలు దాటి చైనాలోని చెంగ్డు, చెంగ్డు నుంచి జపాన్. తీరా బయల్దేరే సమయానికి వైమానిక దళాధిపతి హ్యాప్ ఆర్నాల్డ్ కాన్సస్ వచ్చి చూస్తే, యుద్ధానికి పనికొచ్చే స్థితిలో ఒక్క విమానం కూడా లేదు!

కారణం లెక్కల పిచ్చి. డిజైన్ ఇంకా మారుతోంది. మారినప్పుడల్లా అసెంబ్లీ లైన్ ఆపితే నెలవారీ సంఖ్య పడిపోతుందని, తయారైంది తయారైనట్టు బయటికి పంపేసి, మార్పులు బర్మింగ్‌హామ్, మారియెట్టా లాంటి మోడిఫికేషన్ కేంద్రాలకు వదిలేశారు. రికార్డుల్లో విమానం డెలివరీ అయిపోయింది, నేల మీద మాత్రం దేనికి ఏ పార్టు రావాలో పూర్తిగా తెలిసినవాళ్లు లేరు.

లైన్ ఆపి ఉంటే అసలు విమానాలే వచ్చేవి కావంటారు కొందరు. నిజమే, ఆపమని నేనూ అనను. మరి మార్పులకు కావాల్సిన మనుషుల్ని, పార్టుల్ని కూడా లైన్‌తో పాటే ఎందుకు సిద్ధం చేయలేదు?

చివరికి గండం గట్టెక్కించింది మెకానిక్‌లు. హ్యాంగర్లు చాలక, మంచు కురుస్తుంటే ఆరుబయటే పని. విచిటాలోని బోయింగ్ ఫ్యాక్టరీ నుంచి వందల మందిని రప్పించారు, పైలట్లు ఆకాశంలో చలికి వేసుకునే మందపాటి సూట్లు తొడుక్కుని వాళ్లు ఇంజన్ల దగ్గర, వైరింగ్ దగ్గర రాత్రింబవళ్లు నిలబడ్డారు. ఏప్రిల్ మధ్యకల్లా 150 విమానాలు సిద్ధమయ్యాయి. అయినా దారిలో ఇంజన్లు వేడెక్కి కరాచీ దగ్గర కొన్ని కూలిపోయాయి, మళ్లీ అన్నీ ఆపి సరిచేయాల్సి వచ్చింది.

అదే యుద్ధంలో బెంగళూరు హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్‌లో అమెరికన్ విమానాలకు ఓవర్‌హాల్ చేసింది మనవాళ్లే. దాని వారసురాలైన హెచ్‌ఏఎల్‌కి 2021లో 83 తేజస్ యుద్ధ విమానాల (73 మార్క్-1ఏలు, 10 శిక్షణ విమానాలు) ఆర్డర్ ఇచ్చాం. 2024 మార్చిలో మొదలవ్వాల్సిన మార్క్-1ఏ డెలివరీలు, అమెరికా ఇంజన్లు సమయానికి రాక, ఇంకా ఇతర కారణాలతో వెనక్కి జరుగుతూ పోయాయి. ఈలోగా 2025 సెప్టెంబరులో మిగ్-21లు రిటైరయ్యాయి, మన వైమానిక దళంలో 42 ఫైటర్ స్క్వాడ్రన్లు (యుద్ధ విమానాల దళాలు) ఉండాల్సిన చోట 29 మిగిలాయి. అదే నెలలో ఇంకో 97 తేజస్‌లకు సంతకాలు, మళ్లీ అవే హెడ్‌లైన్లు. ఎన్ని ఆర్డర్ ఇచ్చారు, ఎన్ని తయారయ్యాయి అన్న లెక్క నాకు అక్కర్లేదు. ఇవాళ పొద్దున సైరన్ మోగితే ఆయుధాలతో సహా ఎగరగలిగేవి ఎన్నో, మిగతావి దేనికోసం ఆగి ఉన్నాయో రక్షణ శాఖ కనీసం పార్లమెంటు స్థాయీ సంఘానికైనా ప్రతి మూడు నెలలకూ చెప్పాలి.