ఆ ఎల్‌డాప్ మెసేజ్‌ని ఇక ఫార్వర్డ్ చేయకండి

"ఎన్‌ఎంఎస్ బాక్సులో ఎల్‌డాప్ లాగిన్, పది నిమిషాల్లో" అనే మెసేజ్ తిరుపతి, చిత్తూరు నెట్‌వర్క్ వాళ్ల గ్రూపుల్లో తిరుగుతూనే ఉంది. అంటే నెట్‌వర్క్‌ని కనిపెట్టుకుని ఉండే బాక్సు (ఎన్‌ఎంఎస్) లోకి, అందరి అకౌంట్లు ఉండే డైరెక్టరీ సర్వర్ పాస్‌వర్డ్‌తోనే లాగిన్ అయ్యేలా చేయడం; బాక్సు ఆ సర్వర్‌ని అడిగే పద్ధతే ఎల్‌డాప్. వద్దని చెప్పినా మళ్లీ పంపుతున్నారు. కాలేజీల్లో, ఆసుపత్రుల్లో కొత్తగా చేరిన పిల్లలు దాన్ని చూసి అలాగే సెట్ చేస్తున్నారు, అందుకే రాస్తున్నాను.

"లోపలి నెట్‌వర్కే కదా, 389 పోర్ట్ చాలు" అట. అన్నిటికంటే చేటు చేసేది ఇదే. సింపుల్ బైండ్‌లో, అంటే పేరూ పాస్‌వర్డూ నేరుగా పంపి సర్వర్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతిలో, పాస్‌వర్డ్ ఉన్నది ఉన్నట్టే వెళ్తుంది. స్విచ్‌లో పోర్ట్ మిర్రర్ చేసి (ఆ ట్రాఫిక్ కాపీని ఇంకో పోర్ట్‌కి పంపి), ప్యాకెట్లు చూపించే వైర్‌షార్క్ తెరిస్తే అక్షరాలతో సహా కనిపిస్తుంది. పోనీ అది ఆ ఒక్క బాక్సు పాస్‌వర్డా? మెయిల్‌కీ, ఫైల్ సర్వర్‌కీ, జీతాల సాఫ్ట్‌వేర్‌కీ అదే! 636 మీద ఎల్‌డాప్స్ పెట్టండి, లేదంటే 389 మీదే స్టార్ట్‌టీఎల్‌ఎస్ ఆన్ చేయండి. రెండూ టీఎల్‌ఎస్‌తో కనెక్షన్‌ని ఎన్‌క్రిప్ట్ చేసేవే. మీ సీఏ (సర్టిఫికెట్లు జారీ చేసేది) రూట్ సర్టిఫికెట్‌ని బాక్సులోకి ఎక్కించి, సర్వర్‌ని ఐపీతో కాకుండా సర్టిఫికెట్‌లో ఉన్న పేరుతో ఇవ్వండి.

"సర్టిఫికెట్ చెక్ ఆఫ్ చేస్తే ఎర్రర్ పోతుంది" అని దాని కిందే ఇంకో మాట. ఎర్రర్ పోతుంది, నిజమే. ఆ తర్వాత మధ్యలో ఎవడు దూరి నేనే సర్వర్‌నన్నా బాక్సు నమ్మేసి పాస్‌వర్డ్ ఇచ్చేస్తుంది. ఎల్‌డాప్ సైనింగ్ (మెసేజ్‌ని మధ్యలో మార్చకుండా సంతకం), చానల్ బైండింగ్ (లాగిన్‌ని ఆ టీఎల్‌ఎస్ కనెక్షన్‌కే కట్టేయడం) ఆన్ చేసుకోమని మైక్రోసాఫ్ట్ 2019 ఆగస్టులోనే సూచించింది. సర్వర్‌లో సైనింగ్ తప్పనిసరి చేస్తే, టీఎల్‌ఎస్ లేని సింపుల్ బైండ్‌ని సర్వర్ తిప్పికొడుతుంది. అప్పుడు లాగిన్ ఎందుకు ఆగిందని మళ్లీ ఈ గ్రూపులోనే అడుగుతారు.

"బైండ్ అకౌంట్‌కి డొమైన్ అడ్మిన్ ఇచ్చేయండి." దేనికండీ? అది బాక్సు డైరెక్టరీలో యూజర్లను వెతకడానికి వాడే అకౌంట్, దానికి డొమైన్ మొత్తం మీద అధికారం ఎందుకు? మామూలు అకౌంట్ చాలు. ఆ పాస్‌వర్డ్ బాక్సు కాన్ఫిగరేషన్‌లో కూర్చుంటుంది, బ్యాకప్ ఫైల్‌తో పాటు పెన్‌డ్రైవ్‌లు ఎక్కుతుంది.

"లోకల్ అడ్మిన్‌ని తీసేయండి." డైరెక్టరీ సర్వర్ తిరుపతిలో, బాక్సు చిత్తూరులో ఉండి, రోడ్డు తవ్వకాల్లో ఫైబర్ తెగితే లోపలికి ఎలా వెళ్తారు? లింకు ఎక్కడ తెగిందో చూపించాల్సిన బాక్సే అది. బాక్సులోనే ఉండే ఒక లోకల్ అకౌంట్ ఉంచండి, పాస్‌వర్డ్ కవర్‌లో సీల్ చేసి బీరువాలో పెట్టండి.

"సెట్ చేశాక రీస్టార్ట్ తప్పనిసరి." బాక్సు అడిగితే చేయండి, లేకపోతే అక్కర్లేదు.

ఒక్క సలహా మాత్రం నాకు నచ్చింది: రోల్స్‌ని (బాక్సులో ఎవరు ఏం చేయొచ్చనే హక్కుల్ని) మనుషులకు కాకుండా గ్రూపులకు ఇవ్వమనడం. మనిషి ఉద్యోగం మానేసిన రోజు డైరెక్టరీలో అకౌంట్ ఆపితే చాలు. అది రాసినవాళ్లకు పని తెలుసు. కాకపోతే గ్రూపులో గ్రూపు ఉంటే, లోపలి గ్రూపులోని మనిషి మామూలు మెంబర్‌ఆఫ్ ఫిల్టర్‌కి (యూజర్ ఏ గ్రూపులో ఉన్నాడో చూసేది) దొరకడు, అది చూసుకోండి.

చివరిది, "టెస్ట్ బటన్ పచ్చగా వస్తే పని అయినట్టే". కాలేదు. డీఎన్ (డైరెక్టరీలో యూజర్ పూర్తి పేరు) ఇచ్చి పాస్‌వర్డ్ ఖాళీగా వదిలితే కొన్ని సర్వర్లు దాన్ని అనామక బైండ్‌గా తీసుకుని సరే అంటాయి. ఎల్‌డాప్ లాగిన్ ఎలా జరగాలో చెప్పే ప్రమాణపత్రం ఆర్‌ఎఫ్‌సీ 4513 ఈ ప్రమాదం గురించి స్పష్టంగా హెచ్చరించింది. ఖాళీ పాస్‌వర్డ్‌తో, తప్పు పాస్‌వర్డ్‌తో, గ్రూపులో లేని యూజర్‌తో ప్రయత్నించండి. మూడింటినీ బాక్సు వెనక్కి పంపాకే ఆ లాగిన్‌ని మిగతా వాళ్లకు ఇవ్వండి.