బిల్లు లేని బొగ్గు

తిరుపతి దగ్గర గాజులమండ్యంలో మాది చిన్న యూనిట్. బాయిలర్ ఆగితే పని ఆగినట్టే. అయినా బొగ్గు లారీ వచ్చిందంటే సంతోషం కంటే టెన్షనే ఎక్కువ. పెళ్లను పగలగొడితే పైన నల్లటి పొర, దాని కింద బూడిదరంగు రాయి, మళ్లీ పలచగా నలుపు. తూకం పెరగాలని నీళ్లు కూడా కొట్టి ఉంటారు. అది సరిగా మండదు, గడ్డకట్టి బాయిలర్ లోపల అతుక్కుంటుంది. ఆ వేడిలో గడ్డపారతో దాన్ని పొడిచి తీసే కుర్రాడి చేతులు చూడలేం.

ఎంత వేడినిస్తుందన్న దాన్ని బట్టి మామూలు బొగ్గుకు జీ1 నుంచి జీ17 దాకా గ్రేడ్లున్నాయి. ఇది ఏ గ్రేడని వ్యాపారిని అడిగితే, "బిల్లు వద్దంటే ఇంకా తక్కువకిస్తా సామీ" అంటాడు. సరుకు ఎక్కడిదో అడగొద్దని దానర్థం.

మేఘాలయలో ఎలుక బొరియల్లాంటి బొగ్గు గనులను జాతీయ హరిత ట్రిబ్యునల్ (ఎన్జీటీ) 2014లోనే నిషేధించింది. అయినా 2018 డిసెంబరులో అలాంటి గనిలోకే నీళ్లు చొచ్చుకొచ్చి కూలీలు చిక్కుకుపోయారు. ఊరూపేరూ లేని బొగ్గు కొంటే, మన డబ్బు అలాంటి గోతులకే పోదని ఎవరు చెప్పగలరు?

అక్రమ తవ్వకాలపై ఫిర్యాదుకు 2018లో ఖనన్ ప్రహరీ యాప్ తెచ్చారు. మంచిదే. మరి అమ్మకం సంగతేంటి? ప్రభుత్వ గనుల బొగ్గును ఆన్‌లైన్‌లో అమ్మే ఈ-వేలంలో పెద్దవాళ్లతో పోటీపడే స్తోమత మాకెక్కడిది? గని పేరు, గ్రేడ్ రాసిన కాగితం లేకుండా ఒక్క లారీ కూడా గేటు దాటకూడదు. చిన్న యూనిట్ల కోసం జిల్లాలోనే ఒక డిపో పెట్టండి. న్యాయమైన ధర ఎంతైతే అంత కట్టి తీసుకుంటాం.