బయోస్ అప్‌డేట్ మధ్యలో పవర్ బటన్ నొక్కమంటున్న ఆ సందేశం గురించి

ఈ వారంలో ఇది నాలుగోసారి. అదే సందేశం, అవే పచ్చ టిక్కు గుర్తులు, చివర అదే "పదిమందికీ పంపండి". పంపినవాళ్లంతా నా మేలు కోరేవాళ్లే, కంప్యూటర్ల మరమ్మతు నాకు తెలుసని తెలిసినవాళ్లే. "ఇది నిజమేనా?" అని అడిగి ఉంటే నాకు ఇంత కోపం వచ్చేది కాదు. "నీకు పనికొస్తుంది" అంటూ పంపారు. ఒకాయన అయితే అందులో చెప్పినట్టే చేసి, ఆ తరువాత మదర్‌బోర్డు (భాగాలన్నీ కూర్చునే ప్రధాన బోర్డు) విప్పి తెచ్చి నా బల్లమీద పెట్టాడు.

బయోస్ అంటే కరెంటు అందగానే కంప్యూటర్‌ను లేపే తొలి ప్రోగ్రాము. దాని గురించి సందేశంలో ఉన్న మాటలు ఇవి. కంప్యూటర్ బూట్ కాకపోతే, అంటే లేవకపోతే, కారణం ఏదైనా ముందు బయోస్ అప్‌డేట్ చేయండి. మీ మోడల్ ఫైలు దొరక్కపోతే అదే చిప్‌సెట్ (బోర్డులోని భాగాలను ప్రాసెసర్‌తో కలిపే చిప్) ఉన్న వేరే బోర్డు ఫైలు వాడండి, కంప్యూటర్ ఒప్పుకోకపోతే ఆ తనిఖీని దాటేయండి. మొదలుపెట్టే ముందు మదర్‌బోర్డు మీది నాణెం లాంటి బ్యాటరీ తీసి ఒక రోజు పక్కన పెట్టండి. అప్‌డేట్ చేస్తే డిస్కులో ఉన్నవన్నీ పోతాయి, జాగ్రత్త. అప్‌డేట్ ఐదు నిమిషాలు కదలకుండా ఆగిపోతే పవర్ బటన్ పది సెకన్లు నొక్కిపట్టి, మళ్లీ మొదలుపెట్టండి. అప్‌డేట్ తరువాత కంప్యూటర్ వేగం రెట్టింపు అవుతుంది. కంప్యూటర్ బాగానే నడుస్తున్నా సరే, బయోస్ అప్‌డేట్ చేస్తూ ఉండండి.

వేగం రెట్టింపు కాదు. బ్యాటరీ ఒక రోజు తీసి ఉంచనక్కర్లేదు. పాత సెట్టింగులు చెరిగిపోవాలంటే కరెంటు తీగ పీకేసి, సీమాస్ క్లియర్ జంపర్‌ను (సెట్టింగులు చెరపడానికి బోర్డు మీద ఉండే చిన్న పిన్నులను) కొన్ని సెకన్లు కలిపితే చాలు. ఈ రెండింటికీ ఇంతకంటే సమయం ఇవ్వను.

డిస్కులోని ఫైళ్లు పోతాయన్నదీ తప్పే. బయోస్ ఉండేది మదర్‌బోర్డు మీది చిప్‌లో, మీ ఫొటోలు ఉండేది డిస్కులో. అయితే ఫైళ్లు పోకుండానే తలుపు మూసుకుపోయే ప్రమాదం ఒకటి ఉంది, సందేశం రాసినవాళ్లు దాన్ని కనీసం ప్రస్తావించలేదు. విండోస్‌లో డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ నడుస్తుంటే, బయోస్ మారగానే అది అనుమానించి 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. ఆ కీ మీ దగ్గర లేకపోతే ఫైళ్లు డిస్కులో భద్రంగానే ఉంటాయి, మీకు మాత్రం అందవు. కాబట్టి ముందు ఆ కీ ఎక్కడుందో చూసుకుని, కాగితం మీద రాసి పెట్టుకుని, బిట్‌లాకర్‌ను తాత్కాలికంగా సస్పెండ్ చేసి, అప్పుడు మొదలుపెట్టండి.

ఇక మొదటి మాట. "కారణం ఏదైనా" అనడంలోనే తప్పంతా ఉంది. ఫ్యాన్లు తిరుగుతూ డిస్‌ప్లే రాకపోవడం వేరు, లోగో వచ్చి ఆగిపోవడం వేరు, బూట్ డివైస్ దొరకలేదని తెర మీద రావడం వేరు. ఆ మూడోది కనిపించిందంటే బయోస్ తన పని తాను పూర్తిచేసింది, డిస్కు కనబడటం లేదని మీకు చెబుతోంది. చెప్పినదాన్నే మార్చేస్తే డిస్కు ఎలా కనబడుతుంది? కేబుల్ చూడండి, ముందు ఏ డిస్కు నుంచి లేవాలో చెప్పే బూట్ ఆర్డర్ చూడండి, డిస్కే చివరి దశలో ఉందేమో చూడండి. డిస్‌ప్లే అసలు రాకపోతే ఇప్పటి బోర్డుల్లో చాలావాటికి అంచున నాలుగు చిన్న దీపాలుంటాయి: ప్రాసెసర్‌కు ఒకటి, ర్యామ్‌కు ఒకటి, గ్రాఫిక్స్ కార్డుకు ఒకటి, బూట్‌కు ఒకటి. ఏది వెలిగి ఆగిపోయిందో అక్కడ వెతకాలి. ర్యామ్ తీసి మళ్లీ గట్టిగా కూర్చోబెట్టడం, ప్రాసెసర్‌కు వెళ్లే ఎనిమిది పిన్నుల తీగ సరిగా దిగిందో లేదో చూడటం, ఈ రెండూ చేయకుండా బయోస్ జోలికి పోవడం పంటి నొప్పికి గుండె ఆపరేషన్ చేయించుకోవడమే.

బయోస్ అప్‌డేటే అసలైన మందు అయిన సందర్భాలు నిజంగానే ఉన్నాయి. బోర్డు పాతది, ప్రాసెసర్ కొత్తది అయినప్పుడు బోర్డుకు ఆ ప్రాసెసర్ ఎవరో తెలియదు. 2018లో గ్రాఫిక్స్ ఉన్న ఎఎండీ రైజెన్ 2000 ప్రాసెసర్లు వచ్చినప్పుడు ఇదే జరిగింది. పాత బోర్డు కొనుక్కున్నవాళ్లు అప్‌డేట్ చేసుకోవడానికి వీలుగా ఎఎండీ సంస్థే వేరే ప్రాసెసర్‌ను కొద్దిరోజుల అరువుకు పంపాల్సి వచ్చింది. 2019లో రైజెన్ 3000 వచ్చినప్పుడూ ఎంతోమంది పాత బోర్డు నల్ల తెర ముందు కూర్చున్నారు. కొత్త ర్యామ్‌తో తిరకాసు, కొత్త రకం ఎస్ఎస్‌డీ డిస్కును గుర్తించకపోవడం లాంటివి కూడా ఈ కోవలోవే. తయారీదారు ఆ వెర్షన్ పక్కన రాసిన నాలుగు ముక్కల్లో మీ సమస్య ఉంటే చేయండి. లేకపోతే ఆగి ఆలోచించండి.

ఇందులో ఇంకో ప్రమాదం ఉంది. బయోస్ ఫైలు పెన్‌డ్రైవ్ నుంచి నేరుగా చిప్‌లోకి పోదు. సాధారణ పద్ధతిలో ముందు ర్యామ్‌లోకి వస్తుంది, అక్కడి నుంచి చిప్‌లోకి వెళుతుంది. అంటే ఒకసారి లేచి ఒకసారి లేవని కంప్యూటర్‌లో, ర్యామ్ తేడాగా ఉన్న కంప్యూటర్‌లో అప్‌డేట్ మొదలుపెట్టడం అన్నింటికన్నా చెడ్డ ముహూర్తం. ఆ సందేశం సరిగ్గా అప్పుడే చేయమంటోంది.

"అదే చిప్‌సెట్ అయితే చాలు" అన్నది ఇంకా బాధ్యత లేని మాట. చిప్‌సెట్ ఒకటే అయినంత మాత్రాన రెండు బోర్డులు ఒకటి కావు. వోల్టేజీని నియంత్రించే చిప్ వేరు, ఫ్యాన్లను, వేడిని చూసుకునే చిప్ వేరు, ఏ స్లాటుకు ఏ తీగ వెళుతుందన్న అమరిక వేరు. అవన్నీ బయోస్‌లోనే రాసి ఉంటాయి. ఒకే పేరున్న బోర్డులోనే రివిజన్ 1.0కు ఒక ఫైలు, రివిజన్ 2.0కు ఇంకో ఫైలు ఉండే సందర్భాలున్నాయి. అందుకే పెట్టె మీద పేరు చూసి సరిపెట్టుకోకుండా బోర్డు మీద అచ్చువేసిన అక్షరాలను చదవాలి. బయోస్‌లో ఉండే అప్‌డేట్ సాధనం సాధారణంగా వేరే బోర్డు ఫైలును ఒప్పుకోదు. ఆ నిరాకరణను దాటేసే పద్ధతి కూడా సందేశం చెబుతోంది! తాళం మిమ్మల్ని కాపాడుతున్నప్పుడు దాన్ని పగలగొట్టడం నేర్పించేవాడు మీ స్నేహితుడు ఎలా అవుతాడు?

ఇప్పుడు పవర్ బటన్ సంగతి. నేను ఇది రాస్తున్నదే దీని కోసం.

ఆ చిప్ చిన్నది, ఎనిమిది కాళ్లు, సాధారణంగా 16 లేదా 32 మెగాబైట్లు. కొత్త సమాచారం రాయాలంటే ముందు పాతదాన్ని చెరపాలి. చెరిపాక అక్కడ ఏమీ ఉండదు. తరువాత రాస్తుంది, రాసింది సరిగా ఉందా అని పోల్చి చూస్తుంది. కంప్యూటర్‌కు కరెంటు అందగానే ప్రాసెసర్ తన తొలి ఆదేశం కోసం చూసేది ఈ చిప్ వైపే. చెరపడానికీ రాయడానికీ మధ్యలో మీరు కరెంటు తీసేస్తే అక్కడ ఆదేశం ఉండదు. ఆదేశం లేకపోతే తెర లేదు, కీబోర్డు లేదు, పెన్‌డ్రైవ్ లేదు. "మళ్లీ మొదలుపెట్టండి" అంటున్నారు. దేనితో మొదలుపెట్టాలి? మొదలుపెట్టే ప్రోగ్రామునే కదా మీరు ఇప్పుడు చెరిపింది! 1999 ఏప్రిల్ 26న సీఐహెచ్ అనే వైరస్ ఎన్నో కంప్యూటర్ల బయోస్ చిప్‌లలో చెత్త నింపి వాటిని లేవకుండా చేసింది. అప్పుడు దానికి వైరస్ రాయాల్సి వచ్చింది. ఇప్పుడు ఈ సందేశం మీ వేలితోనే మీ చేత ఆ పని చేయిస్తోంది.

నా మిత్రుడు ఐదు నిమిషాలు చూశాడు, అప్‌డేట్ ఎంతవరకు వచ్చిందో చూపే గీత మధ్యలో ఆగింది, సందేశం చెప్పినట్టు పది సెకన్లు నొక్కాడు. అంతే, తరువాత ఫ్యాన్లు తిరగడం తప్ప ఇంకేమీ లేదు. బోర్డుకు పాడైన బయోస్‌ను మళ్లీ ఎక్కించే బటన్ లేదు, రెండో బయోస్ చిప్ లేదు. చిప్ మీది అక్షరాలను భూతద్దం పెట్టి చదివి, అది 3.3 వోల్టులదా 1.8 వోల్టులదా అని ముందు తేల్చుకున్నాను. ఆ తేడా తెలియకుండా ప్రోగ్రామర్ (చిప్‌ను బయటి నుంచి చదివి రాసే పరికరం) తగిలిస్తే చిప్ కూడా కాలిపోవచ్చు. మొదటి కాలు పక్కన సూదిమొనంత చుక్క ఉంటుంది, చిప్‌ను పట్టుకునే క్లిప్‌లోని ఎర్ర తీగ ఆ వైపు రావాలి. రెండుసార్లు క్లిప్ జారింది. మూడోసారి పట్టుకుంది, లోపలిది చదివాను. తెర మీద కొంత దూరం అంకెలు, అక్షరాలు కలగలిసి ఉన్నాయి. ఒకచోట నుంచి ఎఫ్ఎఫ్, ఎఫ్ఎఫ్, ఎఫ్ఎఫ్. కిందికి జరిపినకొద్దీ అవే. చెరిపేసిన చోట అలాగే కనబడుతుంది. ఆ బోర్డులో ప్రాసెసర్ ముందుగా చూసేది చిప్ చిట్టచివరి భాగాన్ని. సరిగ్గా అక్కడే ఖాళీ.

తయారీదారు ఫైలును యథాతథంగా ఎక్కించినా సరిపోలేదు. ఆ బోర్డుకు మాత్రమే చెందిన నెట్‌వర్క్ చిరునామా పాత చిప్‌లోనే ఉంది. అదృష్టవశాత్తు ఆ భాగం చెరగలేదు కాబట్టి దాన్ని తీసి కొత్త ఫైలులో చేర్చి రాశాను. ఈ పరికరాలు, ఈ ఓపిక ఇంట్లో ఎందరికి ఉంటాయి?

గీత ఆగిపోయినట్టు కనబడితే చేయాల్సింది ఒకటే: ఏమీ చేయకపోవడం. ఐదు నిమిషాలు కాదు, గంట వదిలేయండి. వేచి ఉన్నందుకు ఏ బోర్డూ చెడిపోదు. అప్‌డేట్ ముగిశాక కొన్ని బోర్డులు రెండు మూడుసార్లు తమంతట తామే ఆగి లేస్తాయి. కొత్త తరం డీడీఆర్5 ర్యామ్ ఉంటే మొదటిసారి ఆ ర్యామ్‌ను సరిచూసుకోవడానికి కొన్ని నిమిషాలపాటు తెర నల్లగానే ఉంటుంది. జనం కంగారుపడి బటన్ నొక్కేది అప్పుడే.

గంట దాటినా కదలిక లేకపోతే అప్పుడు కరెంటు తీసి, బోర్డులో ఏ రక్షణ ఉందో చూడండి. ఆసుస్, ఎంఎస్ఐ, గిగాబైట్, ఏఎస్‌రాక్ తయారుచేసిన బోర్డులు కొన్నింటికి వెనక ఫ్లాష్ బటన్ ఉంటుంది. ప్రాసెసర్, ర్యామ్ లేకపోయినా, కరెంటు తీగలు, పెన్‌డ్రైవ్ ఉంటే చాలు, అది బయోస్‌ను ఎక్కిస్తుంది. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అనే ఫార్మాట్‌లో ఉండాలి, ఫైలు పేరు మాన్యువల్‌లో చెప్పినట్టే ఉండాలి, గుర్తుపెట్టిన యూఎస్‌బీ పోర్టులోనే పెట్టాలి. ఈ మూడింటిలో ఒకటి తప్పినా దీపం వెలిగి ఊరుకుంటుంది, బోర్డు చచ్చిందని జనం అనుకుంటారు. గిగాబైట్ బోర్డుల్లో కొన్నింటికి రెండో బయోస్ చిప్ కూడా ఉంటుంది. బోర్డు కొనేటప్పుడే ఇవి ఉన్నాయా అని చూడమని నేను అందరికీ చెబుతాను.

చివరి మాట దగ్గర మాత్రం తప్పు నాది. "బాగా నడుస్తున్నా అప్‌డేట్ చేయండి" అన్నది చూడగానే కొట్టిపారేద్దామనుకున్నాను, ఎందుకంటే ఏళ్ల తరబడి "నడుస్తున్న కంప్యూటర్‌లో బయోస్ జోలికి పోవద్దు" అని చెప్పినవాణ్ని నేనే. 2023లో రైజెన్ 7000 ఎక్స్3డీ ప్రాసెసర్లు కొన్ని సాకెట్‌తో సహా కాలిపోయాయి. ఎస్ఓసీ వోల్టేజీని (ప్రాసెసర్‌లో ర్యామ్‌ను చూసుకునే భాగానికి అందేదాన్ని) 1.3 వోల్టులకు మించనివ్వకుండా బయోస్ అప్‌డేట్‌లు వచ్చాయి. 2024లో ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో అధిక వోల్టేజీ సమస్య బయటపడింది. దానికీ మందు బయోస్ ద్వారానే వచ్చింది, అప్పటికే దెబ్బతిన్న ప్రాసెసర్‌ను మాత్రం అది బాగుచేయదు. ఆ రెండు సందర్భాల్లో నా సలహా విని కదలకుండా కూర్చున్నవాళ్లకు నష్టం జరిగి ఉండవచ్చు. ఆ సలహాను వెనక్కి తీసుకుంటున్నాను. కొత్త వెర్షన్ వచ్చినప్పుడు దాని పక్కన రాసింది చదవండి. భద్రత లేదా వోల్టేజీ గురించి ఉంటే చేయండి. బీటా, అంటే ఇంకా పరీక్షలో ఉంది, అని ఉంటే ఆగండి.

చేసేటప్పుడు ఫైలు తయారీదారు సైట్ నుంచి మాత్రమే తీసుకోండి. ఓవర్‌క్లాకింగ్ (ప్రాసెసర్‌ను అసలు వేగానికి మించి నడపడం), ఎక్స్ఎంపీ (ర్యామ్ వేగం పెంచే సెట్టింగు) తీసేసి సెట్టింగులను తొలి స్థితికి తెచ్చుకోండి, కానీ ముందు పాత సెట్టింగుల పేజీలను ఫోనులో ఫొటో తీసుకోండి. అప్‌డేట్ తరువాత డిస్కు మోడ్ (బోర్డు డిస్కుతో మాట్లాడే పద్ధతి) ఏహెచ్‌సీఐ నుంచి రైడ్‌కో, రైడ్ నుంచి ఏహెచ్‌సీఐకో మారిపోతే విండోస్ నీలి తెర చూపిస్తుంది. బయోస్ పాడైందనుకుని మళ్లీ ఎక్కించబోతారు, ఆ ఫొటో ఉంటే ఒక్క సెట్టింగుతో సరిపోతుంది. యూపీఎస్ ఉంటే దానికి తగిలించండి. ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీ నిండి ఉండాలి, ఛార్జర్ కూడా పెట్టి ఉండాలి.

నా మిత్రుడి బోర్డు ఆ రాత్రి లేచింది. లోగో వచ్చింది, ఇద్దరం ఊపిరి పీల్చుకున్నాం. పొద్దున మళ్లీ లేవలేదు, ర్యామ్ దీపం వెలిగి అలాగే ఉండిపోయింది. అతను ఆ సందేశాన్ని నమ్మడానికి కారణమైన మొదటి సమస్య అదే: మూడుసార్లు నొక్కితే ఒకసారి లేవడం. ర్యామ్ స్టిక్‌లు రెండూ తీశాను. ఒకదాని అంచున పసుపు కాళ్ల మీద సన్నటి మసక పొర ఉంది. మెత్తటి రబ్బరుతో తుడిచి, రెండు వైపులా టక్కుమనే వరకు నొక్కి కూర్చోబెట్టాను. వరుసగా ఇరవైసార్లు ఆపి, మళ్లీ వేశాం, ఇరవైసార్లూ లేచింది.