సవరణ: సూపర్ హీరోల హడావిడి గురించి

సూపర్ హీరో సినిమాల ప్రచారాన్ని ఎగతాళి చేస్తూ పోయిన ఆదివారం రాసిన పోస్టులో నేనే రెండు తప్పులు చేశాను.

ప్రపంచంలో అత్యధిక వసూళ్ల సినిమా ఇప్పటికీ 'అవెంజర్స్: ఎండ్‌గేమ్' అని రాశాను. కాదు. 2019 జులైలో అది 'అవతార్'ను దాటిన మాట నిజమే కానీ, 2021 మార్చిలో చైనాలో మళ్లీ విడుదలై అవతారే పైకొచ్చింది. అసలు 2019లో ఆ దాటడం కూడా ఎలా జరిగిందో చూడండి. జూన్ నెలాఖరులో ఎండ్‌గేమ్‌ను మళ్లీ వదిలారు. చివర్లో కొత్తగా కలిపింది మార్వెల్ కామిక్స్ రచయిత స్టాన్ లీకి నివాళి, రాబోయే స్పైడర్‌మ్యాన్ ముక్క, ఇంకా గ్రాఫిక్స్ పూర్తికాని హల్క్ సీను. అంటే ఉడకని అన్నం వడ్డించి, ప్రత్యేక భోజనం అని టికెట్ తీసుకున్నారన్నమాట. ఇక్కడ నా ఎగతాళిని మాత్రం వెనక్కి తీసుకోను.

రెండోది, సూళ్లూరుపేటలోని పెద్ద తెర థియేటర్ "మా నెల్లూరు జిల్లాది" అని గొప్పలు పోయాను. పేటలో ఉండే మా బావ వెంటనే ఫోన్ చేశాడు. "ఏం అబ్బయ్యా, మమ్మల్ని మళ్లీ ఎప్పుడు కలుపుకున్నారు?" 2022 ఏప్రిల్ నుంచి సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలో ఉంది. 2019లో థియేటర్ తెరిచినప్పుడు మాత్రం మాదే. ఊరు పోయినా గొప్పలు పోలేదు నాకు.

అదే పోస్టులో రాసిన, ట్రంక్ రోడ్డులో చూసిన ఫ్లెక్సీ సంగతి మాత్రం అక్షరాలా నిజం. "టీజర్ ఎప్పుడొస్తుందో రేపు చెబుతాం" అనే ప్రకటనకు దండ వేసి, కొబ్బరికాయ కొట్టారు.