మూడో లేఖ

ఒడిశా పర్లాకిమిడిలోని మా ఇంట్లో కూర్చుని అమెరికాలో కెమికల్ ఇంజినీరింగ్ పీహెచ్‌డీకి దరఖాస్తులు పెడుతున్న నాకు ఈ డిసెంబరంతా కంటి మీద కునుకు లేదు. ఒడియా బడిలో ‘వ’ను ‘బ’గా రాసిన పుణ్యానికి పదో తరగతి ధ్రువపత్రంలో నేను బెంకటరావును, పాస్‌పోర్టులో వెంకటరావును, ఈ ఇద్దరూ ఒకరేనని అఫిడవిట్ జతచేయవలసి వచ్చింది. జీఆర్‌ఈ ప్రవేశ పరీక్ష స్కోరు ‘ఇష్టమైతే పంపవచ్చు’ అంటారు, ఆ ఇష్టం ఎవరిదో చెప్పరు.

ఇవన్నీ ఒక ఎత్తు, సిఫారసు లేఖ ఒక ఎత్తు. మూడింటిలో రెండు చేరాయి గానీ, తప్పక రాస్తానన్న మూడో మాస్టారి పేరు ఎదుట, పోర్టల్ ఎన్నిసార్లు తెరిచినా ‘అందలేదు’ అనే కనిపిస్తోంది. గుర్తుచేస్తే విసుక్కుని లేఖను చప్పగా రాస్తారేమోనని, ఊరుకుంటే మరిచేపోతారేమోనని, ‘గురువుగారికి నమస్కారాలు’ దగ్గరే ఆగిన ఈమెయిల్‌ను నాలుగుసార్లు చెరిపేశాను. గడువు అక్కడి తూర్పు తీరపు కాలమానంలో 15వ తేదీ రాత్రి 11:59, అంటే మనకు 16వ తేదీ ఉదయం 10:29. ఆ వేళకు మాస్టారు క్లాసులో ఉంటారు, ఫోను ఎత్తరు.

‘ఉద్యోగం ఎప్పుడు నాయనా?’ అని ఎదురింటి పిన్ని ఈ రోజూ అడిగింది.